కళాకారుల ఏజెన్సీ: జపాన్ జిముషో, తెలుగు నాట కంపెనీ, కాంట్రాక్టు, మేనేజరు

నటులు, గాయకులు, హాస్యగాళ్ల తరఫున అవకాశాలు వెతికి, పారితోషికం మాట్లాడి, వచ్చిన సొమ్ములో వాటా తీసుకునే వ్యాపార సంస్థను కళాకారుల ఏజెన్సీ అంటారు. చాలా దేశాల్లో దాని పని అంతవరకే. జపాన్‌లో మాత్రం ఆ సంస్థ కళాకారుణ్ణి చిన్న వయసులోనే చేరదీస్తుంది, శిక్షణ ఇస్తుంది, నెలజీతం కడుతుంది, తెర మీదికి పంపుతుంది, అతని పేరు మీదా బొమ్మ మీదా హక్కులు తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. అక్కడ దాన్ని జిముషో అంటారు. తెలుగు నాట ఆ రూపంలో సంస్థ ఏదీ స్థిరపడలేదు. ఆ పనులు మాత్రం ఎవరో ఒకరు చేస్తూనే వచ్చారు. సురభి వంటి కుటుంబ కంపెనీలు, మైలవరం జమీందారు నాటక సమాజం, కోస్తా జిల్లాల నాటక కాంట్రాక్టర్లు, మద్రాసులో విజయా వారు, హైదరాబాదులో మేనేజర్లు, కోఆర్డినేటర్లు, కృష్ణానగర్ ఏజెంట్లు ఆ కోవలోని వాళ్లే. ఈ ఏర్పాట్లన్నిటినీ తూచడానికి ఒక ప్రశ్న చాలు: పని లేని రోజున కళాకారుడికి అన్నం ఎవరు పెడతారు? జపాన్ ఏజెన్సీ ఆ బాధ్యత తీసుకుంది, దానికి బదులుగా చాలా ఎక్కువ రాబట్టుకుంది. తెలుగు రంగం ఒకప్పుడు ఆ బాధ్యత తీసుకుని, తర్వాత వదిలేసింది.

జపాన్‌లో ఎలా మొదలైంది

1912లో ఒసాకాలో యోషిమొతో దంపతులు ఒక చిన్న హాస్య ప్రదర్శనశాల తీసుకున్నారు. అదే పెరిగి పెరిగి ఈనాటి యోషిమొతో కోగ్యో అయింది. జపాన్ టీవీలో జనాన్ని నవ్వించే వాళ్లలో చాలామంది ఆ సంస్థ మనుషులే. ఇప్పుడు మనకు కనిపించే పద్ధతి మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, అమెరికన్ సైనిక శిబిరాల్లో జాజ్ వాయించుకు బతికిన కుర్రాళ్ల దగ్గర మొదలైంది. ఆ బృందాలకు ఒక రాత్రి డబ్బు ముట్టేది, మరో రాత్రి ముట్టేది కాదు. బాస్ వాయించే షిన్ వతనబె తన భార్య మిసాతో కలిసి 1955లో వతనబె ప్రొడక్షన్స్ పెట్టి, వాద్యగాళ్లకు నెలజీతాలు కట్టాడు. ఈ వ్యవస్థకు పునాది ఆ నెలజీతమే.

కాలం కూడా కలిసొచ్చింది. 1953 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌కే టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది. అదే సెప్టెంబరులో షోచికు, తోహో, దాయెయి, షింతోహో, తోయెయి అనే ఐదు సినిమా కంపెనీలు ఒకరి నటులను ఒకరు లాక్కోకూడదని ఒప్పందం చేసుకున్నాయి. తమ తారలను టీవీకి పంపడం కూడా వాటికి ఇష్టం లేకపోయింది. టీవీకి మొహాలు కావాలి. ఆ మొహాలను తయారుచేసి అందించే పనిని ఏజెన్సీలు అందిపుచ్చుకున్నాయి. వతనబె వారు పాటగాళ్లను పంపి ఊరుకోలేదు. 1961లో మొదలైన ‘షాబొందమ హాలిడే’ వంటి టీవీ కార్యక్రమాల నిర్మాణంలోనే చేయి పెట్టారు. పాట మూల ధ్వనిముద్రణ మీద హక్కును రికార్డు కంపెనీల చేతిలోంచి తమ చేతికి తెచ్చుకున్నారు. 1960లో హోరిప్రో, 1962లో జానీస్ వెలిశాయి. 1970లు వచ్చేసరికి టీవీ పాటల కార్యక్రమంలో ఎవరు కనబడాలో నిర్ణయించడంలో ఏజెన్సీల మాట చానళ్ల మాటతో సమానంగా చెల్లింది.

లోపలి పనితీరు

అమెరికాలో ఏజెంటు వేరు, మేనేజరు వేరు, నిర్మాత వేరు. ఏజెంటు వాటా మామూలుగా పది శాతం. కాలిఫోర్నియాలో ఆ పని చేయడానికి లైసెన్సు ఉండాలి. అక్కడ ఏజెంటును పెట్టుకునేది నటుడు, నచ్చకపోతే మార్చేసేదీ నటుడే. జపాన్‌లో ఈ వరస తారుమారవుతుంది. ఏజెంటు, మేనేజరు, నిర్మాత, పాటల ప్రచురణకర్త, అభిమాన సంఘం నడిపేవాడు అన్నీ ఒకే సంస్థ. కళాకారుడు ఆ సంస్థకు చెందిన మనిషి.

సంస్థ మనుషులు ఆడిషన్లలో, వీధుల్లో పిల్లలను ఎంపిక చేస్తారు. పాట, నాట్యం, మాట తీరు నేర్పిస్తారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు వసతి చూస్తారు. కొన్నేళ్ల పాటు ఇదంతా సంస్థకు ఖర్చే. పేరొచ్చాక ఆ ఖర్చు తిరిగి రావాలి కాబట్టి ఒప్పందాలు ఏళ్ల తరబడి సాగుతాయి. జీతం పద్ధతిలో ఉన్నవాళ్లకు తెర మీద ఎంత వెలిగినా నెలకింతే వస్తుంది. వాటా పద్ధతిలో ఉన్నవాళ్లకు సంస్థ తన భాగం తీసుకోగా మిగిలింది వస్తుంది. టీవీలో కనిపించినందుకు దక్కేది తక్కువ. అసలు రాబడి వ్యాపార ప్రకటనల్లో, కచేరీల్లో, అభిమాన సంఘాల చందాల్లో ఉంటుంది. కాబట్టి టీవీలో మొహం కనబడటం అనేది ప్రకటనల బేరానికి ముందు పెట్టే పెట్టుబడి. పెద్ద తార కావాలని నిర్మాత అడిగితే, అదే సంస్థలోని కొత్త పిల్లకూ ఒక చిన్న వేషం ఇవ్వమంటారు. కొత్తవాళ్లు పైకొచ్చే దారుల్లో ఇదొకటి.

మేనేజరు అని పిలిచే యువ ఉద్యోగి కూడా సంస్థ జీతగాడే. తెల్లవారుజామున నటిని ఇంటి దగ్గర కారెక్కించుకుంటాడు. చిత్రీకరణకు చేరుస్తాడు, డైలాగుల కాగితాలు అందిస్తాడు, విలేకరి అడగబోయే ప్రశ్నలు ముందే చూస్తాడు, రాత్రి మళ్లీ ఇంటి దగ్గర దించుతాడు. ఆమెకు తోడుగా ఉండేదీ అతనే, కంపెనీ ఆస్తికి కాపలా కాసేదీ అతనే. ఈ రెండు పనులూ ఒకే మనిషి భుజాన ఉండటంలోనే ఈ వ్యవస్థ బలమంతా, ప్రమాదమంతా ఉంది.

బొమ్మ మీద హక్కును జపాన్‌లో ఎంత గట్టిగా పట్టుకుంటారో చెప్పడానికి జానీస్ ఒక్కటి చాలు. 2018 దాకా ఆ సంస్థ తన తారల ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టనివ్వలేదు. పత్రిక ముఖచిత్రం మీద వాళ్ల కుర్రాడు ఉంటే, ఆన్‌లైన్ దుకాణంలో ఆ సంచిక బొమ్మలో అతని ఆకారం మేర బూడిదరంగు పులిమి పెట్టేవారు. లక్షల మంది ఆరాధించే మొహం చోట ఖాళీ ఉండేది.

జపాన్ చెల్లించిన మూల్యం

అన్నం పెట్టే చేతికే అన్ని తాళాలూ ఇస్తే ఏమవుతుందో అక్కడి చరిత్ర చెప్పింది. 2013లో ఎన్‌హెచ్‌కే ఉదయపు ధారావాహిక ‘అమాచాన్’తో దేశమంతా ఎరిగిన నటి రెనా నోనెన్, ఏజెన్సీతో వివాదం తర్వాత 2016 నుంచి ‘నోన్’ అనే పేరుతో పనిచేస్తోంది. రెనా నోనెన్ అన్నది రంగస్థలం కోసం పెట్టుకున్న పేరు కాదు, ఆమె పుట్టు పేరే.

1988లో జానీస్ కూర్చిన స్మాప్ బృందం 2016 చివరి రోజున విడిపోయింది. మరుసటి ఏడాది ముగ్గురు సభ్యులు సంస్థను విడిచి వెళ్లారు. వాళ్లను తీసుకోవద్దని టీవీ చానళ్ల మీద ఒత్తిడి తేవడం పోటీ చట్టానికి విరుద్ధం కావచ్చని 2019 జులైలో ఆ దేశపు న్యాయ వాణిజ్య కమిషన్ జానీస్‌ను హెచ్చరించింది. అదే నెలలో సంస్థ వ్యవస్థాపకుడు జానీ కితగావా చనిపోయాడు. దశాబ్దాల పాటు అతను శిక్షణకు వచ్చిన మగపిల్లలపై లైంగిక దౌర్జన్యం చేశాడన్న ఆరోపణలు అంతకు ముందే పత్రికల్లో వచ్చాయి, కోర్టు తీర్పుల్లోకీ ఎక్కాయి. అయినా ప్రధాన టీవీ చానళ్లు నోరు విప్పలేదు. సంస్థకు కోపం వస్తే తారలు రారు కదా. 2023 మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చింది. ఆగస్టులో నిపుణుల బృందం దౌర్జన్యం జరిగిందని తేల్చింది. సెప్టెంబరులో సంస్థ ఒప్పుకుంది. అక్టోబరు 17న జానీస్ అన్న పేరే తీసేసి స్మైల్-అప్ అని మార్చుకుని, బాధితులకు పరిహారం చెల్లించే పనికి పరిమితమైంది. తారల వ్యవహారాలు చూడటానికి స్టార్టో అనే కొత్త సంస్థ ఏర్పడింది.

యోషిమొతోలో గొడవ వేరే దిక్కు నుంచి వచ్చింది. 2019లో కొందరు హాస్యనటులు సంస్థకు తెలియకుండా ఒక మోసగాళ్ల ముఠా విందులో ప్రదర్శన ఇచ్చారని బయటపడింది. ఆ విచారణలో తేలిన సంగతి అంతకన్నా పెద్దది: సుమారు 6,000 మంది కళాకారులున్న ఆ సంస్థలో చాలామందికి రాతపూర్వక ఒప్పందమే లేదు. ఇచ్చింది తీసుకోవడమే. 2024 నవంబరు 1న స్వతంత్ర వృత్తిదారుల రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ డిసెంబరులో న్యాయ వాణిజ్య కమిషన్ కళాకారులకూ ఏజెన్సీలకూ మధ్య ఒప్పందాలను పరిశీలించి నివేదిక వెలువరించింది.

సురభి: కుటుంబమే కంపెనీ

తెలుగు నేల మీద జిముషోకు దగ్గరగా వచ్చే తొలి రూపం జపాన్ కన్నా పాతది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు, తోలుబొమ్మలాట ఆడించే ఆరె కుటుంబాల వారితో ‘కీచకవధ’ నాటకం వేయించారు. అదే సురభి నాటక సమాజానికి నాంది. స్త్రీ పాత్రలు మగవాళ్లు వేసే కాలంలో సురభిలో ఆడవాళ్లే ఆడ వేషాలు కట్టారు. ఒకే కుటుంబం కావడం వల్లనే అది సాధ్యమైంది. ఒక కంపెనీ పెరిగి, అన్నదమ్ములూ అల్లుళ్లూ విడిపోయి, ఒక దశలో ముప్పైకి పైగా బృందాలు ఊరూరా డేరాలు వేశాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

సురభిలో శిక్షణ అనేది వేరే గదిలో జరగదు. చంటిబిడ్డ బాలకృష్ణుడుగా రంగం మీదికి వస్తాడు. నాలుగేళ్లొచ్చేసరికి ప్రహ్లాదుడో లోహితుడో అవుతాడు. గొంతు మారాక తెర లాగుతాడు, దీపాలు చూస్తాడు, హార్మోనియం పట్టుకుంటాడు. వయసొచ్చాక కృష్ణుడు, ముదిరాక శకుని. ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి ఎగరాలంటే పక్కన దారం పట్టుకున్న మనిషి నటుడి దవడ కదలికను చూస్తూ లాగాలి. ఆ చేతికి ఆ లయ తెలిసిందంటే, ఒకప్పుడు ఆ లడ్డూలు తానూ మింగి ఉండటమే కారణం. బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలడం, వాన కురవడం, నారదుడు మబ్బుల్లోంచి దిగడం అన్నీ ఇంటివాళ్ల చేతుల మీదే జరుగుతాయి.

వేషం ఉన్నా లేకున్నా కంపెనీ వంటశాలలో అందరికీ అన్నం ఉడికేది. పెళ్లిళ్లు, పురుళ్లు, వైద్యం కంపెనీ సొమ్ముతోనే. దీనికి మరో వైపు కూడా ఉంది. ఆ ఇంట పుట్టిన పిల్లకు నాటకం కాక మరో దారి ఉండేది కాదు. ఊరూరా తిరిగే బతుకులో చదువు సాగేది కాదు. తిండికి లోటు రాకుండా చూసిన ఇల్లే బయటికి వెళ్లే తలుపును ఇరుకు చేసింది.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కోసం దర్శకుడు హెచ్.ఎం. రెడ్డికి పాటా మాటా వచ్చిన నటులు కావలసి వచ్చినప్పుడు బొంబాయికి తరలించింది సురభి వారినే. లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి తెలుగు తెర తొలి కథానాయిక. ఒక సంస్థ నుంచి కళాకారులు సినిమాకు సరఫరా కావడం తెలుగులో అలా మొదలైంది. అయితే సురభి కంపెనీ సినిమా కంపెనీలతో శాశ్వత ఒప్పందం ఏదీ కుదుర్చుకోలేదు. మనుషులు వెళ్లారు, కంపెనీ డేరాలోనే ఉండిపోయింది. వతనబె వారు టీవీ వచ్చినప్పుడు చేసిన పని సురభి టాకీ వచ్చినప్పుడు చేసి ఉంటే తెలుగు వినోద రంగం రూపం మరోలా ఉండేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జీతం మీద నాటకం, రాత్రి లెక్కన నాటకం

జమీందార్లు నడిపిన కంపెనీల్లో పేరున్నది మైలవరం బాలభారతీ నాటక సమాజం. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకులు, హార్మోనియం మీద పాపట్ల కాంతయ్య అక్కడ నెలజీతాల మీద పనిచేశారు. నటుడికి అవతలి నెల సంగతి దిగులు లేదు, కంపెనీకి రిహార్సలు తప్పుతుందన్న దిగులు లేదు. ఆ నిలకడలోంచే ఆ బాణీ పద్యాలు పుట్టాయి. పోషకుడి ఓపిక ఉన్నంత వరకే జీతాలు, అంతే.

తర్వాత వచ్చింది కాంట్రాక్టు నాటకం. కాంట్రాక్టరు ఊళ్లో పందిరి వేసి, టిక్కెట్లు కోసి, పేరున్న నటులను రాత్రికింత అని మాట్లాడుకుంటాడు. కంపెనీ లేదు, రిహార్సలు లేదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఎక్కడెక్కడి నటులో రైలు దిగి నేరుగా మేకప్ గదిలోకి వచ్చేవారు. జనాన్ని లాగడానికి కాంట్రాక్టరు ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులను పెట్టేవాడు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు, యుద్ధానికి ఇంకొకరు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, అబ్బూరి వరప్రసాదరావు, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివాళ్ల పేర్లు వాల్‌పోస్టరు మీద ఎంత లావు అక్షరాల్లో వేయాలన్నదీ బేరంలో భాగమే. ‘వన్స్‌మోర్’ అరుపులతో ఒక పద్యం మూడు సార్లు పాడి తెల్లవారేది.

ఈ పద్ధతిలో పేరున్నవాడికి మంచి డబ్బు దొరికింది. ద్వారపాలకుడికీ చెలికత్తెకూ బత్తా దొరికింది. వానాకాలంలో ఎవరికీ ఏమీ దొరకలేదు. మనిషిని పోషించడం మానేసి అతని రాత్రిని మాత్రమే కొనుక్కోవడం తెలుగు వినోద రంగంలో అక్కడే అలవాటయింది. నేటి సినిమా కాల్షీటు దాని వారసురాలే.

మద్రాసు: నెలజీతపు నటులు

అలవాటు మళ్లీ ఒకసారి తిరిగింది. బి. నాగిరెడ్డి, చక్రపాణి విజయా ప్రొడక్షన్స్ పెట్టినప్పుడు నటులనూ సాంకేతికులనూ నెలజీతాల మీద తీసుకున్నారు. ‘పాతాళభైరవి’ (1951) నాటికి ఎన్.టి. రామారావు విజయా వారి ఒప్పంద నటుడు. ఏ రోజుకారోజు వేరే సెట్టుకు పరుగెత్తే పని లేదు కాబట్టి కె.వి. రెడ్డి వంటి దర్శకుడు తాను కోరినన్ని రిహార్సళ్లు చేయించుకోగలిగాడు. ‘మాయాబజార్’ (1957) దాకా విజయా చిత్రాల్లో చిన్న వేషాలు కూడా అంత నిండుగా ఉండటానికి ఆ ఏర్పాటు ఒక ముఖ్య కారణం. బొంబాయిలో బాంబే టాకీస్, కలకత్తాలో న్యూ థియేటర్స్ అంతకు ముందే ఈ దారిలో నడిచాయి. తారల గిరాకీ పెరిగాక జీతం మీద ఎవరూ నిలవలేదు, నిలవమని అడగడమూ న్యాయం కాదు.

ఒక మనిషి మరో మనిషి నటజీవితాన్ని చేత్తో పట్టుకుని నడిపించడం అన్న అర్థంలో చూస్తే, తెలుగులో మంచి ఉదాహరణ దుక్కిపాటి మధుసూదనరావు. కృష్ణా జిల్లాలో ఎక్సెల్షియర్ నాటక సమాజం నడుపుతూ, ఆడ వేషాలు వేసే అక్కినేని నాగేశ్వరరావును ఆయన చేరదీశారు. ఘంటసాల బలరామయ్య బెజవాడ రైల్వే స్టేషనులో ఆ కుర్రాణ్ణి చూసి ‘సీతారామ జననం’ (1944)లో హీరోను చేసిన తర్వాతా దుక్కిపాటి తోడు విడవలేదు. 1951లో అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టి, అక్కినేనిని దాని చైర్మన్‌గా కూర్చోబెట్టి, ‘దొంగరాముడు’ (1955)తో మొదలుపెట్టి వరసగా సినిమాలు తీశారు. కథ ఎంపిక, నవలల కొనుగోలు, నటుడికి ఏ వేషం నప్పుతుందన్న ఆలోచన ఆయనవి. ఏజెన్సీ చేసే పనులన్నీ ఇందులో ఉన్నాయి. నటుణ్ణి ఉద్యోగిని చేయకుండా భాగస్వామిని చేసుకోవడం ఒక్కటే తేడా. ఆ ఒక్క తేడా చాలా గొప్పది.

ఎన్.టి. రామారావుకు తమ్ముడు త్రివిక్రమరావు, నేషనల్ ఆర్ట్ థియేటర్ ఉన్నట్టు, పెద్ద తారలకు సొంత బ్యానర్లు, సొంత మనుషులు ఏర్పడ్డారు. 1964లో సురేష్ ప్రొడక్షన్స్, 1972లో గీతా ఆర్ట్స్ వచ్చాయి. కొత్త హీరోను తయారుచేయడం, తొలి సినిమాకు పెట్టుబడి పెట్టడం, అభిమాన సంఘాలను కూడగట్టడం, ఏ సినిమా ఒప్పుకోవాలో తేల్చడం వంటి జిముషో పనులు తెలుగులో కుటుంబాల చేతికి వెళ్లాయి. ఆ కుటుంబాల్లో పుట్టనివాళ్లకు అలాంటి ఇల్లు లేదు.

చాదర్‌ఘాట్ నుంచి నాంపల్లి దాకా

సినిమాకు బయట, రంగస్థలం మీద బతికేవాళ్ల సంగతి హైదరాబాదులో చూడవచ్చు. అక్కడ మూసీకి ఉత్తరాన, బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బస్తీలను ఒకప్పుడు చాదర్‌ఘాట్ అని కలిపి పిలిచేవారు. దానికి వేరే మునిసిపాలిటీ ఉండేది, 1933లో హైదరాబాదుతో కలిసింది. సుల్తాన్ బజారు, ఆబిడ్స్, నాంపల్లి వరకు సాగే ఈ పట్టీలోనే నగరపు తెలుగు సాంస్కృతిక జీవితానికి చిరునామాలు ఏర్పడ్డాయి: 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1943లో పుట్టి తిలక్ రోడ్డు మీద స్థిరపడిన సారస్వత పరిషత్తు, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతున్న నుమాయిష్, పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం, 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం, కాస్త అవతల 1961 నాటి రవీంద్రభారతి.

సురభి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి తన డేరా కాలం ముగిశాక హైదరాబాదులో నిలదొక్కుకున్నది పబ్లిక్ గార్డెన్స్‌లో ఇచ్చిన ప్రదర్శనల మీదే. ఆ బృందాన్ని నడిపిన ఆర్. నాగేశ్వరరావుకు, అంటే సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటక నుంచి నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి సురభి వారితో కొత్త నాటకాలు చేయించారు. ఇక్కడ ఆ బృందానికి అండ ప్రభుత్వ సాంస్కృతిక శాఖ, అకాడమీలు, విశ్వవిద్యాలయం. వాటి నిధులు ప్రదర్శనకు వస్తాయి, మనిషికి రావు.

ఈ పట్టీలో సాయంత్రం పూట జరిగే కార్యక్రమాలను నడిపేది సాంస్కృతిక సంస్థలు. ఆహ్వాన పత్రిక మీద ముఖ్య అతిథి, సభాధ్యక్షులు, జ్యోతి ప్రజ్వలన, సన్మానం అన్నీ ఉంటాయి. హాలు అద్దె, మైకు, పూలదండలకు దాత దొరుకుతాడు. పద్య నాటకం ఆడటానికి నల్లగొండ నుంచో గుంటూరు నుంచో వచ్చిన నటుడికి శాలువా, జ్ఞాపిక, దారి ఖర్చులు దక్కుతాయి. నిర్వాహకులు చాలామంది సొంత డబ్బు పెట్టి, ప్రేమతో చేస్తున్నవాళ్లే. కానీ ఆ నటుడికి వచ్చే నెల ఎక్కడ వేషం ఉందో చూసే మనిషి ఆ హాల్లో ఎవరూ ఉండరు. శాలువాలు పేరుకుపోయిన బీరువా ఉన్న ఇంట్లో మందుల ఖర్చుకు వెతుక్కునే వృద్ధ నటులు తెలుగు రంగస్థలానికి కొత్త కాదు.

పాత హైదరాబాదుకు తనదైన మరో పద్ధతి ఉంది. నాంపల్లికి దగ్గరలో, ఏసీ గార్డ్స్‌లో సిద్దీల మర్ఫా బృందాలు పెళ్లి ఊరేగింపులకు వెళ్లేవి. పెళ్లివారు మాట్లాడుకునేది బృంద నాయకుడితోనే. బ్యాండు మేళాలదీ, ఖవ్వాలీ బృందాలదీ అదే తీరు. నాయకుడే ఏజెంటు, అతనూ వాయిస్తాడు కాబట్టి ఎంత బేరం కుదిరిందో పక్కవాడికి తెలుస్తుంది.

ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్

1960లలో అక్కినేని హైదరాబాదుకు మారి, తన సినిమాలు ఇక్కడే తీయాలని పట్టుబట్టారు. 1976లో అన్నపూర్ణా స్టూడియోస్ తెరిచారు. అప్పటికే అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ ఉంది. తర్వాత రామానాయుడు స్టూడియోస్, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. రంగం జూబ్లీహిల్స్ వైపు జరిగింది, దాని కింద పనిచేసే జనం కృష్ణానగర్ ఇరుకు గదుల్లో సర్దుకున్నారు.

ఇక్కడ మధ్యవర్తులు పలు తెగలు. పెద్ద తారకు డేట్లు చూసే మేనేజరు ఉంటాడు. అడ్వాన్సు అందుకోవడం, కాల్షీట్లు సర్దడం, రెండు సినిమాల మధ్య గడ్డం పెంచాలా తీయాలా అన్న తగువు తీర్చడం అతని పనులు. చాలాకాలం ఈ పని మేకప్‌మ్యాన్లూ వ్యక్తిగత సహాయకులే చేశారు. పొద్దున్నే తార మొహం చూసేది వాళ్లే కాబట్టి నిర్మాతలు ముందు వాళ్లనే పట్టుకునేవారు. విజయశాంతికి మేకప్ చేసిన ఎ.ఎం. రత్నం ‘కర్తవ్యం’ (1990) నిర్మాతగా ఎదిగారు. ఇతర భాషల నుంచి నాయికలను తెచ్చే పని కోఆర్డినేటర్లది. పత్రికలతో సంబంధాలు పీఆర్‌ఓలవి, హీరో కృష్ణ దగ్గర మొదలై దశాబ్దాలు ఆ పని చేసిన బి.ఎ. రాజు వంటివాళ్లు ఆ వృత్తికి గౌరవం తెచ్చారు. 2010ల చివర్లో ముంబైకి చెందిన క్వాన్ సంస్థ రానా దగ్గుబాటి భాగస్వామిగా దక్షిణాదిలో అడుగుపెట్టింది. అమెరికా తరహా ఏజెన్సీ ఇక్కడికి వచ్చింది అలాంటి సంస్థల ద్వారానే, అదీ అప్పటికే గెలిచినవాళ్ల కోసం.

జూనియర్ ఆర్టిస్టుల సంగతి వేరు. కోర్టు సీనుకు యాభై మంది, జాతర సీనుకు మూడు వందల మంది కావాలని ప్రొడక్షన్ మేనేజరు ఏజెంటుకు ముందురోజు చెబుతాడు. చీర కట్టినవాళ్లు ఇంతమంది, ‘రిచ్’గా కనబడేవాళ్లు ఇంతమంది అని లెక్క ఇస్తాడు. తెల్లవారకముందే బస్సు వస్తుంది. సాయంత్రం డబ్బు ఏజెంటు చేతి మీదుగా అందుతుంది. యూనియన్ కార్డు ఉన్నవాడికి రేటు అడిగే హక్కు ఉంటుంది, లేనివాడికి ఏజెంటు ఎంత ఇస్తే అంత. వేతనాల బేరం చేసేది ఫిలిం ఎంప్లాయీస్ ఫెడరేషన్. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు కోరుతూ కార్మికులు షూటింగులు ఆపి, చివరికి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంపునకు ఒప్పందం కుదుర్చుకున్నారు. నటీనటుల సంఘం ‘మా’ 1993లో ఏర్పడింది. పింఛన్లు, ఆరోగ్య బీమా వంటి సంక్షేమం చూస్తుంది గానీ వేషాలు ఇప్పించడం దాని పని కాదు.

టీవీ, యూట్యూబ్ వచ్చాక ఒక ఆశ కనబడింది. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ టీమ్ లీడర్ల పద్ధతిలో పల్లెటూళ్ల మిమిక్రీ కళాకారులకూ చిన్న నటులకూ వారం వారం పని చూపించింది. ఒక నిర్మాణ సంస్థ గొడుగు కింద హాస్యగాళ్లు పెరగడం యోషిమొతో తీరును తలపిస్తుంది. హైదరాబాదు చాయ్ బిస్కెట్ బృందం లఘుచిత్రాల్లో సుహాస్‌కు వరసగా వేషాలిచ్చి, 2023లో ‘రైటర్ పద్మభూషణ్’ నిర్మించి అతన్ని హీరోగా నిలబెట్టింది. సినిమా కుటుంబం లేని కుర్రాడికి ఒక సంస్థ ఏళ్ల తరబడి తోడుండటం ఈ మధ్య తెలుగులో అరుదుగా జరిగిన మంచి పని.

చట్టం, ఫిర్యాదులు

భారతదేశంలో కళాకారుల ఏజెన్సీలకు ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా దగ్గరగా వచ్చింది 1981 నాటి సినీ కార్మికుల, సినిమా థియేటర్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం. దాని ప్రకారం సినీ కార్మికుణ్ణి పనిలోకి తీసుకోవాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాల్సి వచ్చేది. కాంట్రాక్టరు ద్వారా తీసుకున్నా ఆ నియమం తప్పేది కాదు. జపాన్‌లో 2019లో పెద్ద వార్త అయిన లోపానికి మన దగ్గర అంతకు ముప్పై ఎనిమిదేళ్ల ముందే చట్టం వచ్చింది. అయినా తెల్లవారుజామున బస్సెక్కే జూనియర్ ఆర్టిస్టు చేతిలో కాగితం అరుదు.

కాగితం లేని చోట మధ్యవర్తి దయే దిక్కు. ఆ దయకు బదులుగా ఆడవాళ్లను ఏం అడుగుతారో 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి హైదరాబాదు ఫిలిం చాంబర్ ఎదుట చేసిన నిరసనతో నలుగురి నోటా పడింది. కోఆర్డినేటర్ల పాత్ర మీద మరికొందరు జూనియర్ నటీమణులూ ముందుకొచ్చి మాట్లాడారు. మహిళా సంఘాల పోరాటం తర్వాత 2019లో తెలంగాణ ప్రభుత్వం సినీరంగంలో లైంగిక వేధింపులపై ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసింది. అదే ఏడాది సినీరంగంలోని మహిళలు ‘వాయిస్ ఆఫ్ విమెన్’ బృందంగా ఏర్పడ్డారు. కమిటీ 2022లో నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో మలయాళ సినీరంగం మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక వెలువడిన తర్వాత, తెలంగాణ నివేదికనూ ప్రజల ముందు పెట్టాలని నటి సమంత ప్రభుత్వాన్ని కోరింది.